రెడ్డెమ్మత్త ఓటు

రాయచోటి,
20 ఆగస్టు 1989

గురప్ప మామకు,

ఉత్తరం బరువుగా ఉందని కంగారు పడొద్దు. లోపల చెడ్డ వార్త లేదు, నా ప్రశ్నలే ఉన్నాయి.

మీ ఇంట్లో చేరి, ఇక్కడి కాలేజీలో బి.ఏ. మొదలుపెట్టి నెలన్నర అయింది. అత్తకు చదువు రాదు కాబట్టి నీ ఉత్తరాలు చదివి వినిపించడం, ఆమె చెప్పింది రాయడం ఇక నా ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఈ పని చేసిన పక్కింటి దిల్షాద్ బీ నా చేతిరాత చూసి "అచ్చు గుద్దినట్టుందే" అని సంతోషంగా రాజీనామా చేసింది.

ఇప్పుడు అసలు సంగతి. కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు. మా చరిత్ర సారుకు పాత అంశాలంటే మొహం మొత్తింది. "మతగురువుల ఏలుబడిలో అధ్యక్ష ఎన్నిక మార్పు తేగలదా?" అని ఇరాన్ మీద అంశం ఇచ్చారు. చీటీ తీస్తే నాకు "తేగలదు" వచ్చింది. ఏలుబడి అనే మాట ఎంత బాగుందో చూడు, నోట్లో బెల్లంముక్కలా కరుగుతుంది. కానీ ఇరాన్ గురించి నాకు తెలిసింది ఒక్కటే, మ్యాపులో అది కూర్చున్న పిల్లిలా ఉంటుంది. నువ్వు ఇరాన్ వాళ్ళ రొట్టెల కొట్టులోనే పని చేస్తావు కదా. పోయిన నెల వాళ్ళకు కొత్త అధ్యక్షుడు వచ్చాడట. వాళ్ళను అడిగి రాయి. నెలలోపు రాయి.

అత్త మాటలు ఇవి: "మీ రాక కోసం నా కన్నులు దారి పొడవునా పరుచుకుని ఉన్నాయి. మీ ఆరోగ్యమే నా ఐశ్వర్యం."

సమాధానం కోసం గుమ్మంలోనే కూర్చున్న
గంగాదేవి

*

సబ్హాన్, కువైట్
16 సెప్టెంబర్ 1989

మేయ్ దేవీ,

ముందు ఒకటి చెప్పు. మీ అత్తకు జ్వరమా? పెండ్లయిన పదిహేనేండ్లలో ఆమె నన్ను మీరు అనింది లేదు. కండ్లు దారి పొడవునా పరిస్తే నేను యాడ కాలు పెట్టి నడిచేది?

నీ ప్రశ్న కొట్లో అడిగినా. అడక్కుండా ఉండాల్సింది. మూడు దినాలుగా పిండి కన్నా మాటలే ఎక్కువ పిసుకుతాండారు.

కొట్టు హాజీ ముర్తజాది. లార్ అనే ఊరి నుంచి వచ్చి ముప్పై ఏండ్లుగా ఇక్కడే తందూరు ముందర నిలబడినాడు. పిండి కలిపేది ఆయప్ప బామ్మర్ది ఫరామర్జ్. వాళ్ళ దేశంలో బడిపంతులు. బడిలో ఏం చెప్పినాడో ఏమో, పొమ్మన్నారు. నేను ఇనప చువ్వతో రొట్టె తీస్తా. మా ముగ్గురి భాష ఏ దేశానిదీ కాదు. సగం అరబ్బీ, సగం ఉర్దూ, చాలకపోతే చేతులు.

హాజీ ఏమంటాడంటే, "ఎనిమిదేండ్ల యుద్ధం ముగిసింది. కొత్తాయన పనిమంతుడు. సిమెంటు తెస్తాడు, కరెంటు తెస్తాడు, మా ఊరికి రోడ్డు వేస్తాడు. అది మార్పు కాదా?"

ఫరామర్జ్ పిండి జల్లెడ తీసి హాజీ మొగం ముందర పట్టినాడు. "బావా, ఎనబై మంది దాకా నిలబడతామని పేర్లిచ్చినారు. పన్నెండు మంది పెద్దలు కూర్చుని జల్లెడ పట్టినారు. కింద పడింది ఇద్దరు. ఎన్నిక ఇక్కడే అయిపోయింది, తందూరు దగ్గర కాదు. గెలిచినాయన పైన మళ్ళీ ఒక పెద్దగురువు. ఆయన్ను జనం దించలేరు."

"ఇద్దర్లో ఒకడు మంచోడైతే చాలదా?"

"సరే, రెండో ఆయన పేరు చెప్పు."

హాజీకి గుర్తు రాలేదు. ఆలోచిస్తా ఆలోచిస్తా నాలుగు రొట్టెలు మాడ్చినాడు. వాటిని నాకే తినబెట్టినారు. నీ పోటీ ఖర్చు నా కడుపు మోసింది, గుర్తు పెట్టుకో.

ఇట్లు,
మాడిన రొట్టెల మామ

*

రాయచోటి,
12 అక్టోబర్ 1989

మామా,

రెండో బహుమతి! మొదటిది అరిచినవాడికి ఇచ్చారు. నేను అరవలేదు, మాటలు ఏరుకుని మాట్లాడాను. ఫరామర్జ్ గారి జల్లెడను "వడపోత" అని మార్చి చెప్పాను. వడపోత అనగానే న్యాయనిర్ణేత తలెత్తి చూశారు. మిగిలిన ఇద్దరిలోనూ ఒకరు కొంచెం మెరుగు కావచ్చు, ఆ కొంచెంలోంచే మార్పు మొలకెత్తుతుందని ముగించాను. వచ్చే సెప్టెంబరులో కడపలో జిల్లా పోటీ. అదే అంశం, అదే పక్షం. కాబట్టి నువ్వు హాజీగారినీ ఫరామర్జ్ గారినీ ఏడాది పొడవునా కొట్లాడిస్తూ ఉండాలి.

అత్తకు జ్వరం లేదు. ఇంట్లో చదువుకునే పిల్ల ఉంటే మాట దానంతటదే మెరుగుపడదా? ఆమె చాలా మారింది, నువ్వు చూస్తే గుర్తు పట్టవు.

నాకొక ఆలోచన. మీ రూములో ఎనిమిది మంది ఉన్నారు. మీరూ ఒక అధ్యక్షుణ్ణి ఎన్నుకోకూడదా? నాకు సొంత ఆధారం ఒకటి దొరుకుతుంది.

అత్త మాట: "మీరు పంపిన చీర కట్టుకున్నాను, మీ జ్ఞాపకం కట్టుకున్నట్టుంది."

రెండో బహుమతి స్టీలు గిన్నెలో ఇప్పుడే మజ్జిగ తాగిన
గంగాదేవి

*

సబ్హాన్
20 డిసెంబర్ 1989

దేవీ,

నీ పుణ్యాన నేను ప్రెసిడెంటునైనా. లేచి నిలబడి చదువు.

మా రూములో పెద్ద బాలసుబ్బయ్యన్న. రాజంపేట మనిషి, ఇరవై ఏండ్లుగా ఇక్కడే. రూము ఆయప్ప పేరు మీదుండాది, బియ్యం పెట్టె తాళంచెవి ఆయప్ప మొలతాడుకుండాది. ఎన్నిక అంటే "మంచిదే నాయనా, కానీ ఎవరు పడితే వాళ్ళు నిలబడితే రూము పాడైపోతాది, నేను ఒకసారి చూస్తా" అన్నాడు. చూసినాడు. మునీంద్ర శనివారం గుడ్డు తింటాడు, కొట్టేసినాడు. పుల్లయ్య స్నానం చేయకుండా పొయ్యి ముట్టుకుంటాడు, కొట్టేసినాడు. నూర్ బాషా బస్సు డ్రైవరు, ఇంటిపట్టున ఉండడు, కొట్టేసినాడు. ఇంకిద్దర్ని కారణం చెప్పకుండానే కొట్టేసినాడు. కడాకు మిగిలింది నేనూ, బద్వేలోడు ఒకడూ. వాడు రెండు నెలల సెలవు మీద ఊరికి పోయినాడు. నిలబడినట్టు వానికే తెలీదు.

చీటీలు వేసినాం. బాలసుబ్బయ్యన్న చీటీలన్నీ టవల్లో మూటగట్టుకొని గోడవైపు తిరిగి, ఏడుకు ఏడూ గురప్పకే అన్నాడు. నాకు నేను వేసుకుంటే బాగుండదని నేను బద్వేలోనికి వేసింటి. మరి ఏడెట్లా అయ్యిందని అడగలేదు. గెలిచినోడు లెక్క అడుగుతాడా?

మొదటి ఆజ్ఞ ఇచ్చినా, ఆదివారం కోడికూర అని. "ప్రెసిడెంటు మాటే మాట. బియ్యం మాత్రం నేనియ్యను" అన్నాడు. రెండు గంటలు చర్చలు. చివరికి సోమవారం పప్పులో గోంగూర బదులు పాలకూర పడింది. ఇది మార్పా, కాదా? నువ్వే తేల్చు.

ఫరామర్జ్‌కు చెప్తే నేల మీద కూర్చుని నవ్వినాడు. కండ్లల్లో నీళ్ళు తుడుచుకుని "మీ బాలసుబ్బయ్యకు తలపాగా ఒకటే తక్కువ" అన్నాడు.

మీ అత్త చీర మాట చదివినా. జ్ఞాపకం కట్టుకునింది అంటే నాకు సిగ్గేసింది. ఆమె అంత ఎత్తుకు పోయింది, నేనింకా చువ్వ పట్టుకునే ఉండా.

సంతకం చేసి ముద్ర వేయడానికి ముద్ర లేని
ప్రెసిడెంటు గురప్ప

*

రాయచోటి,
22 జనవరి 1990

ప్రెసిడెంటు మామకు,

పాలకూర మార్పే! చరిత్రలో పెద్ద మార్పులన్నీ ఆకుకూరంత చిన్నగానే మొదలయ్యాయని జిల్లా పోటీలో చెప్తాను. నీ ఉత్తరం కాలేజీలో చదివి వినిపిస్తే మా సారు బల్ల మీద కొట్టి నవ్వారు. నువ్వు ఇప్పుడు మా తరగతిలో ప్రసిద్ధుడివి.

అత్త మాట: "మీ పదవికి నా అభినందనలు. మీ కీర్తి నా తలలో పువ్వు."

ప్రసిద్ధుడి మేనకోడలు
గంగాదేవి

*

సబ్హాన్
25 జూన్ 1990

దేవీ,

ఈసారి తమాషా కాదు, కాగితం కిందపెట్టి మీ అత్తను పిలిచి కూర్చోబెట్టుకో.

ఆగస్టుతో నా ఇఖామా అయిపోతాది. అది లేకుంటే ఈ దేశంలో ఒక్క దినం ఉండేదానికి లేదు. హాజీ ఇంకో రెండేండ్లకు కొత్తది చేయిస్తానంటాడు. దానికి జూలై కడాకు పాస్‌పోర్టు ఆయప్ప చేతికియ్యల్ల. లేదంటే ఖలాస్, ఇంటికి రావడమే. నాకు రెండూ ఒకటే అని అబద్ధం చెప్పను. నా మనసులో ఒకటుండాది, కానీ అది చెప్పను. చెప్తే మీ అత్త దానికి తలూపుతాది. ఆరేండ్లుగా ఒంటరిగా ఇల్లు లాగింది ఆమె. ఓటు ఆమెది. రమ్మంటే వస్తా, ఉండమంటే ఉంటా.

రెండు వారాల కిందట ఇక్కడ కువైటోళ్ళు కూడా ఓట్లేసినారు. అది ఉత్తుత్తి సభ అని సగం మంది ఇంట్లోనే కూర్చున్నారంట. మాకెట్లా ఓటు లేదు. అందుకే నాకు తెలిసిన ఒక్క ఓటునూ అడుగుతాండా.

మునీంద్ర సెలవు మీద వస్తాండాడు. జూలై నెలాఖరుకు తిరిగొస్తాడు. వాని చేతికి జవాబియ్యి. ఆమె ఏమంటే అది రాయి.

గురప్ప

*

రాయచోటి,
18 జూలై 1990

మామా,

నీ ఉత్తరం చదివాను. అత్త వాకిట్లో కూర్చుని చాలాసేపు మాట్లాడింది. ఆమె సమాధానం ఇది:

"మీ ఇష్టమే నా ఇష్టం. మీరు ఏ తీరాన ఉన్నా నా మనసు మీ పడవ."

జిల్లా పోటీకి ఇంక రెండు నెలలే ఉంది. ఈ ఏడాదిలో కొత్త అధ్యక్షుడు ఏమైనా చేశాడా? హాజీగారి ఊరికి రోడ్డు పడిందా? రోడ్డు పడి ఉంటే నాకు మొదటి బహుమతి ఖాయం. మునీంద్ర బస్సు ఎక్కడానికి తొందర పడుతున్నాడు, అందుకే పొట్టిగా రాస్తున్నాను.

రోడ్డు కోసం ఎదురు చూసే
గంగాదేవి

*

సబ్హాన్
31 జూలై 1990

దేవీ,

మునీంద్ర చేరినాడు. అప్పడాలు విరిగినాయి, ఉత్తరం విరగలేదు.

మీ అత్త మాటను నాలుగు మాట్లు చదివినా. పడవ అంటే ఏందో నాకు దిగలేదు. ఫరామర్జ్‌కు మా ముక్కల భాషలో చెప్పి అర్థం అడిగినా. ఆయప్ప చదువుకున్నోడు గదా. గడ్డం గోక్కుని, "గురప్పా, చాలా గౌరవంగా రాసింది. అంటే నువ్వు వచ్చినా, రాకున్నా ఆమెకు ఒకటే" అన్నాడు.

పోనీలే. ఆమె మీద కోపం లేదు. ఆమె ఇప్పుడు పెద్ద మాటల మనిషి, మంచిదే. పొద్దున పాస్‌పోర్టు హాజీ చేతిలో పెట్టినా. ఇంకో రెండేండ్లు.

రోడ్డు పడలేదు. కొలిచి పోయినారంట. కొలతే మార్పు అంటాడు హాజీ. కొలిచేటోళ్ళు యుద్ధానికి ముందు కూడా వచ్చినారు అంటాడు ఫరామర్జ్.

ఇరాక్ సైన్యం సరిహద్దులో దిగిందని రొట్టెకొచ్చినోళ్ళు చెప్పుకుంటాండారు. "మాతో ఎనిమిదేండ్లు కొట్లాడి వాళ్ళకు నడుములు పడిపోయినాయి, మళ్ళా ఎవరి మీదికి లేస్తారు" అని హాజీ నవ్వేసినాడు. నేనూ నవ్వినా.

చువ్వ పట్టుకుని ఇక్కడే ఉండే
గురప్ప

*

సబ్హాన్
27 ఆగస్టు 1990

దేవీ,

పోస్టు లేదు, ఫోను లేదు. ఇది పుల్లయ్య జేబులో వస్తాండాది. బతికే ఉండా. మీ అత్తకు ముందు ఈ ముక్క చెప్పి, తర్వాత మిగతాది చదువు.

రెండో తేదీ తెల్లారి కొట్టు తెరిచేసరికి రోడ్డు మీద ట్యాంకులు. హాజీ నవ్వడం అదే కడ. మూడో దినానికి ఇరాక్ సిపాయి ఒకడు ట్యాంకు ఆపి దిగి, మా వరసలో నిలబడినాడు. వాని ముందర ఒక కువైటీ ముసలామె. "నాయనా, దేశం తీసుకున్నప్పుడు వరస లేదు, రొట్టెకు మాత్రం నా వెనకాలే" అనింది. వాడు తల వంచుకుని వెనకాలే నిలబడినాడు. ఇంకొకడు లారీలో ఎవరింటిదో అద్దాల దీపం పెట్టుకుని వచ్చినాడు. వాళ్ళ ఊర్లో కరెంటు ఉండాదో లేదో.

వాళ్ళకూ ఒక ప్రెసిడెంటు ఉండాడు. ఆయప్ప పటం తెచ్చి కొట్లో తగిలించమన్నారు. ఫరామర్జ్ తందూరు పక్కనే తగిలించినాడు. పొగకు వారంలో మొగం నల్లబడింది. "నేనేం చేయలేదు, ఆయనే రంగు మారినాడు, ఈ ఏడాది నేను చూసిన మార్పు ఇదొక్కటే" అంటాడు.

బాలసుబ్బయ్యన్న మొదటి బస్సుకే ఎక్కిపోయినాడు. తాళంచెవి మొలతాడుకే ఉండిపోయింది. ప్రెసిడెంటుగా నా మొదటి నిజమైన ఆజ్ఞ ఇచ్చినా. పెట్టె పగలగొట్టండి! లోపల అర మూట బియ్యం, అగరబత్తీలు, ఒక టవలు మూట. విప్పితే మా ఓట్ల చీటీలు. మడత కూడా విప్పలేదు దేవీ! చదవకుండానే నన్ను గెలిపించినాడు. అందరం కూర్చుని ఇప్పుడు లెక్కపెట్టినాం. నాకు రెండు, బద్వేలోనికి ఒకటి. మిగిలిన నాలుగు చీటీల్లో పేరే లేదు, "కోడి" అని రాసుండాది.

నూర్ బాషా బస్సులో మనోళ్ళను విమానాలు దొరికే అమ్మాన్ దాకా తీసకపోయి దింపుతాండాడు. రూములో అందరూ పోతాండారు. నన్నూ రమ్మంటాండారు. పాస్‌పోర్టు హాజీ తిరిగిచ్చేసినాడు, "పో" అంటాడు. నేను ఉంటా. సబ్హాన్ అంతటికీ తెరిచుండేది ఈ ఒక్క కొట్టే. చువ్వ పట్టే మనిషి లేకుంటే హాజీ ఒక్కడు చేయలేడు. ఇంటికాడ నేను వచ్చినా రాకున్నా ఒకటే అయినప్పుడు, ఇక్కడ ఉంటే రొట్టెకన్నా పనికొస్తా.

ఏమన్నా రాయాలంటే అమ్మాన్‌లో మన ఎంబసీకి, నూర్ బాషా పేరు మీద రాయి. దొరికితే దొరికింది.

కోడి చేతిలో ఓడిపోయిన
ప్రెసిడెంటు

*

రాయచోటి,
12 సెప్టెంబర్ 1990

మామా,

పుల్లయ్య మొన్న వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. ఇంతకు ముందు రాసింది పోస్టాఫీసు వాళ్ళు వెనక్కి ఇచ్చేశారు. ఇది మాత్రం నీకు చేరాలి. నా గురించి చెడ్డగా అనుకో, కానీ పూర్తిగా చదువు.

జూలైలో అత్త ఆ రెండు మాటలు అనలేదు. ఇప్పటిదాకా నీకు రాసిన ఏ మాటా ఆమె అనలేదు. కన్నులు, కీర్తి, చీర, పడవ, అన్నీ నావే. ఆ రోజు ఆమె వాకిట్లో కూర్చుని ఇరవై మాటలు చెప్పింది. నాకు అవి మోటుగా అనిపించాయి. పల్లు, మోకాలు, మేకలు అంటూ రాస్తే నా ఉత్తరం ఏం కావాలి అనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది, అదే రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు వచ్చేస్తే జిల్లా పోటీకి ఇరాన్ సంగతులు ఎవరు రాస్తారన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలోనే కలం నా చేతిలో ఉంది.

నీ జూలై ఉత్తరం ఆగస్టు పద్నాలుగున వచ్చింది. అప్పటికే రేడియో అంతా కువైటే. నేను కాలేజీలో ఉన్నాను, అత్త ఆగలేక దిల్షాద్ బీతో చదివించుకుంది. నేను ఇంటికి వచ్చేసరికి ఉత్తరం అత్త ఒళ్ళో ఉంది. "పడవ ఏందే?" అని అడిగింది అత్త. కొట్టలేదు. అన్నం పెట్టి తినమంది. కొట్టినా బాగుండేది.

పన్నెండు మంది పెద్దల వడపోత గురించి రెండు పోటీలకు సరిపడా రాసుకున్నదాన్ని నేను. వాళ్ళు ఎనభైలో ఇద్దరిని మిగిల్చారు, నేను ఇరవైలో ఒక్కటీ మిగల్చకుండా నా రెండు పెట్టాను. మామా, జల్లెడ పట్టేటప్పుడు తప్పు చేస్తున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. అందంగా చేస్తున్నాననే అనిపించింది. వాళ్ళకూ అలాగే అనిపిస్తుందేమో.

ఇక కింద ఉన్నది అత్త చెప్పింది చెప్పినట్టు. దిల్షాద్ బీ నా పక్కనే కూర్చుని మాట మాటా సరిచూస్తోంది.

"రాయి. ఏమప్పా గురప్పా, నీకు బుద్ధుండాదా? నేను కండ్లు దారిలో పరిచినానా? పరిస్తే ఎద్దులబండ్లు పోవా వాటి మీద? నేను పడవనా? పడవ నేను చూసింది యాడ, మన మాండవ్య ఏట్లో మోకాటి లోతు నీళ్ళు లేకపాయె. నేనట్లా మాట్లాడినానంటే నువ్వెట్లా నమ్మినావు? పదిహేనేండ్లు కాపురం చేసినోనివి, అది నా నోరు కాదని తెలీలేదా? ఈ పిల్లది ఒక తప్పయితే నీది రెండు తప్పులు.

జూలైలో చెప్పినవి మళ్ళా చెప్తాండా. పెరటి గోడ కూలింది. మేకలొచ్చి కరివేపాకు మేసిపోయినాయి. నా మోకాలు కూర్చుంటే లేయదు, లేస్తే కూర్చోదు. ముందరి పల్లు ఊడింది, చూసి నవ్వితే ఊరుకోను. మీ చెల్లెలు కొడుక్కి పేరు పెట్టలేదు, నువ్వొచ్చి పెట్టాలంట, వానికి పండ్లు కూడా వచ్చినాయి, ఇంకా ఒరేయ్ అనే పిలుస్తాండారు. రేడియో ఆగిపోతే దాని నెత్తిన కొట్టల్ల, నువ్వు యాడ కొట్టేవాడివో నాకు తెలీదు.

ఏమే, చెయ్యి నొప్పి పుట్టిందా? పుట్టనీ. రాయి.

రెండేండ్లకు కాగితం చేయించుకున్నావంట. ఎవరినడిగి? నన్నడిగినావు. నేను వచ్చెయ్ అన్నా. మూడు మాట్లు అన్నా, వచ్చెయ్, వచ్చెయ్, వచ్చెయ్. ఇప్పుడు ట్యాంకుల్లో రొట్టెలు తీస్తా కూర్చున్నావు. ఆ హాజీకి చువ్వ పట్టే మనిషి కావాల్నంటే నేనూ చెప్తా, నాకు గోడ కట్టే మనిషి కావల్ల. ఊర్లో కూలోళ్ళు లేక కాదు. పిలవను. ఆ గోడ అట్లే పడుండాది. నువ్వు వచ్చినదాకా అట్లే పడుంటాది. నా ఓటు ఇది. రెడ్డెమ్మ."

వేలిముద్ర అత్తదే. జిల్లా పోటీకి నేను పేరు వెనక్కి తీసుకోలేదు. ఎన్నికల గురించి నాకు తెలిసిందేమీ లేదని, జల్లెడ పట్టిన ఒక చెయ్యి గురించి మాత్రం తెలుసని చెప్పబోతున్నాను. బహుమతి రాదులే.

క్షమించమని అడగడానికి అందమైన మాట వెతకని
గంగాదేవి

*

అమ్మాన్
4 అక్టోబర్ 1990

దేవీ,

నీ ఉత్తరం నూర్ బాషాకు ఎంబసీ గేటు కాడ దొరికింది. బస్సు తిప్పుకుని వచ్చి నేరుగా కొట్లోకే తెచ్చినాడు. తందూరు ముందర నిలబడి చదివినా. మేకల కాడికి వచ్చేసరికి నా నవ్వు చూసి హాజీ, పండ్ల కాడికి వచ్చేసరికి నా కండ్లు చూసి ఫరామర్జ్, ఇద్దరూ పని ఆపేసినారు. మొత్తం తర్జుమా చేసి చెప్పినా. ఫరామర్జ్ లేచి నిలబడి, "పడవకు అర్థం నేనే చెప్పినా, తప్పు చెప్పినా. ఈమె మాటకు మాత్రం అర్థం చెప్పే పనే లేదు" అన్నాడు. హాజీ నా చేతిలోంచి చువ్వ లాక్కుని "యల్లా, నడువు!" అన్నాడు. ఈ మధ్య పని పోయి మా కాడికి చేరిన హాజీ చుట్టం ఒకడు చువ్వ పట్టుకున్నాడు. నేను లేకుంటే కొట్టు ఆగిపోతాదని నెల దినాలుగా అనుకుంటాండా. రొట్టె ఒక్కటి కూడా మాడలేదు.

బస్రా దాకా ఫరామర్జ్ మాతోనే వచ్చినాడు. ఇరాన్, ఇరాక్ రాజీ అయినాయి గదా, అక్కడినుంచి తూరుపుకు తిరిగి వాళ్ళ దేశం పోతాండాడు. నీ కోసమని దిగేముందు అడిగినా, "సారూ, కడాకు ఎన్నికతో మార్పు వస్తాదా రాదా? మా పిల్లకు చెప్పల్ల."

"ఈసారి ఎన్నికొస్తే నేనూ పేరిస్తా" అన్నాడు.

"కొట్టేస్తారు గదా?"

"కొట్టేస్తారు. నా బావతో ఇప్పిస్తా. మా వీధి వీధంతా ఇప్పిస్తా. కొట్టేసేటోని చెయ్యి నొప్పి పుట్టల్ల. ఎన్ని పేర్లు కొట్టేసినాడో వానికన్నా తెలియల్ల." అని మూట ఎత్తుకుని పోయినాడు. వెనక్కి తిరిగి చూసి, ముందరి పల్లు ఊడినట్టు వేలితో చూపించి నవ్వొద్దని సైగ చేసినాడు.

ఇక్కడ గుడారాల్లో వరస పెద్దదిగా ఉండాది. నాలుగు దినాల్లో విమానం అంటాండారు. బొంబాయి నుంచి రైలు. ఈ కాగితం ఈ దినం పోయే ఒకాయన చేతికిస్తాండా, నాకన్నా ముందొస్తాది.

నీ మీద కోపం లేదని రాయను, ఉండాది. వచ్చి తీరుబాటుగా తిడతా. నీకు బహుమతి వచ్చిందో లేదో అప్పుడు చెప్పు.

కింద ఉండేది మీ అత్తకు. ఉన్నది ఉన్నట్టు చదువు, ఒక్క ముక్క కలిపినా దిల్షాద్ బీని పిలిపిస్తా.

మేయ్ రెడ్డీ,
నీ ఓటు చేరింది. గోడ ముట్టుకోవద్దు. నవ్వుతా.
గురప్ప